నమ్రూద్ కొండ మీది రాతి సింహాసనాలు

తుర్కియే యాత్ర ముగించుకొని వచ్చిన బంధువులొకరు మాకు ఒక గోడ క్యాలెండరును కానుకగా ఇచ్చారు. పన్నెండు నెలలకు పన్నెండు చిత్రాలు. కొన్నింటిలో మసీదులు, కొన్నింటిలో సముద్ర తీరాలు. ఒక నెల పుటలో మాత్రం చెట్టూ చేమా లేని కొండ శిఖరం, దాని మీద కంకర గుట్ట, ఆ గుట్ట పాదాన నేలపై నిలబెట్టిన రాతి తలలు కనిపించాయి. మొండెం లేని తలలు. ఒక్కొక్కటి మనిషి నిలువెత్తున ఉంది. మా చిన్నవాడు వాటిని తేరిపార చూసి, "అబ్బా, ఇవి బుత్‌లే కదా? మన ఇంట్లో గోడకు ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. వాడి దాదీమా ఏమీ అనకుండా లేచి, ఆ పుటను తిప్పేసి కూర్చున్నారు.

ఆ పూట మేము వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాము. చిత్రం కింద ఉన్న పేరు మాత్రం మమ్మల్ని వదలలేదు. నెమ్రుత్ దాగ్, అంటే నమ్రూద్ కొండ. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) గాథను వింటూ పెరిగిన ఏ ముస్లిం ఇంటికైనా ఆ పేరు కొత్తది కాదు. ఆ కొండకు ఆ పేరు ఎందుకు వచ్చింది, ఆ తలలు ఎవరివి అని చదువుతూ పోగా తెలిసిన సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

శిఖరం మీద మరో శిఖరం

తుర్కియే ఆగ్నేయ భాగంలో, ఆదియమాన్ ప్రాంతంలో, తౌరస్ పర్వతశ్రేణికి చెందిన ఈ శిఖరం సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ నిలబడి దక్షిణంగా చూస్తే ఫురాత్ నది లోయ కనబడుతుంది. దూరం నుండి చూసేవారికి కొండకు సహజమైన కొన వలె తోచే భాగం నిజానికి మనుషులు పోసిన గుట్ట. పిడికెడంత రాతి ముక్కలను లెక్కలేనన్ని కొట్టి, మోసి, పోగుచేశారు. నేటికీ దాని ఎత్తు 50 మీటర్లు, అడుగున వ్యాసం 145 మీటర్లు. అంటే కొండ శిఖరం మీద మరో శిఖరాన్ని కట్టారన్నమాట.

గుట్ట చుట్టూ కొండ రాయిని తొలిచి మూడు వేదికలను చదును చేశారు. ఒకటి తూర్పున, ఒకటి పడమర, ఒకటి ఉత్తరాన. తూర్పు వేదికపైనా, పడమటి వేదికపైనా ఒకే వరుస తీర్చారు. సింహాసనాలపై ఆసీనమైన అయిదు మహావిగ్రహాలు, వాటికి రెండు చివరలా కాపలాగా సింహమూ గద్దా. పూర్తిగా ఉన్నప్పుడు ఒక్కొక్క విగ్రహం 8, 9 మీటర్ల ఎత్తు ఉండేది. అవి ఏకశిలలు కావు. సున్నపురాతి దిమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టినవి. అందువల్లనే శతాబ్దాల భూకంపాలకు, మంచుకు, గాలికి పైనున్న తలలు ముందుగా దొర్లిపడ్డాయి. కొన్ని ముఖాల ముక్కులు విరిగిన తీరును చూసి, మనిషి చేయి కూడా పడి ఉంటుందని అనేవారున్నారు. ఏమైనా తూర్పు వేదికపై మొండేలు ఇప్పటికీ కూర్చునే ఉన్నాయి, తలలు వాటి పాదాల ముందు ఉన్నాయి.

ఎవరా రాజు?

ఇది నమ్రూద్ కట్టినది కాదు. కట్టించినవాడు కొమ్మగేనే అనే చిన్న రాజ్యానికి రాజైన మొదటి ఆంటియోకస్. ఆయన పాలనాకాలం సుమారు క్రీ.పూ. 69 నుండి 34 వరకు. ఈసా (అలైహిస్సలామ్) పుట్టుకకు కొద్ది దశాబ్దాల ముందటి మాట.

కొమ్మగేనే తౌరస్ కొండలకూ ఫురాత్ నదికీ మధ్యనున్న రాజ్యం. అలెగ్జాండర్ సేనానుల వారసులైన సెల్యూసిడ్ రాజుల ఏలుబడిలో ఉండి, క్రీ.పూ. రెండవ శతాబ్దంలో విడివడింది. పడమట రోమ్, తూర్పున పార్థియా. రెండు ఏనుగుల నడుమ చిక్కిన దూడ వంటి పరిస్థితి. బలంతో నిలవలేని రాజు బంధుత్వంతో, ధనంతో, మాటకారితనంతో నెట్టుకురావాలి. ఆంటియోకస్ అదే చేశాడు. తండ్రి వైపు తన వంశాన్ని పర్షియా చక్రవర్తి దారా వరకు, తల్లి వైపు గ్రీకు-మాసిడోనియా రాజుల వరకు లెక్కగట్టాడు. ఆ పూర్వీకుల రూపాలను ఇసుకరాతి ఫలకాలపై చెక్కించి వేదికల అంచున బారులు తీర్చాడు.

క్రీ.పూ. 38లో రోమన్ సేనలు ఆయన రాజధాని సమోసాటాను ముట్టడించినప్పటి ఒక ముచ్చట గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాసిపెట్టాడు. ఆంటియోకస్ వెయ్యి టాలెంట్లు ఇస్తాను, వెళ్ళిపొండి అన్నాడట. సేనాని మార్క్ ఆంటోనీ ఒప్పుకోలేదు. ముట్టడి సాగీ సాగీ విసుగెత్తాక చివరకు మూడు వందలకే రాజీపడి వెళ్ళిపోయాడట. రాజకీయంగా ఆంటియోకస్ అసమర్థుడు కాడని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆయన తెలివి అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసానికి అవసరం ఉండేది కాదు. విగ్రహాల వెనుక వైపు, సింహాసనాల రాతిపై, గ్రీకు భాషలో రెండు వందలకు పైగా పంక్తుల శాసనం ఉంది. అందులో రాజు తన కోరికను దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. తన దేహం ఈ ఎత్తైన చోట, దేవతల సింహాసనాల సమీపంలో చిరకాలం విశ్రమించాలి. ప్రతి నెలా 16వ తేదీన తన పుట్టినరోజును, 10వ తేదీన తన పట్టాభిషేకాన్ని ప్రజలు కొండపై చేరి పండుగగా జరుపుకోవాలి. పూజారులు పర్షియా దుస్తులు ధరించాలి. వచ్చినవారందరికీ అన్నపానాలు వడ్డించాలి. ఖర్చుకు గ్రామాలను రాసిచ్చాడు. సంగీతకారులను వంశపారంపర్యంగా కేటాయించాడు. తర్వాతి రాజులెవరూ ఈ ఏర్పాటును చెరపరాదని హెచ్చరించాడు.

అయిదు విగ్రహాలలో ఒకటి తనది. మిగిలిన నాలుగు దేవతలవి. గ్రీకుల జ్యూస్‌కు పర్షియా అహురమజ్దా పేరు కలిపాడు. సూర్యదేవునికి అపోలో, మిత్ర, హేలియోస్, హెర్మెస్ అని నాలుగు పేర్లు పెట్టాడు. హెరాక్లెస్‌కు పర్షియా దేవుని పేరును జతచేశాడు. నాలుగవది కొమ్మగేనే దేశాన్నే స్త్రీమూర్తిగా మలిచిన ప్రతిమ. ప్రజలలో కొందరు గ్రీకు ఆచారాలవారు, కొందరు పర్షియా ఆచారాలవారు గనుక ఇద్దరికీ తృప్తి కలిగించే దైవాలను రాజు స్వయంగా కూర్చాడు. కూర్చి, ఆ వరుసలో తానూ ఒక ఆసనం వేసుకున్నాడు. విడి ఫలకాలపై ఆ దేవతలతో సమాన స్థాయిలో నిలబడి కరచాలనం చేస్తున్నట్టు కూడా చెక్కించుకున్నాడు. రాజు దైవానికి మొక్కుతున్న చిత్రాలు ప్రాచీన లోకంలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడ తల వంచిన రాజు కనిపించడు.

మరొక ఫలకంపై సింహం ఉంది. దాని ఒంటి మీదా చుట్టూ నక్షత్రాలు, మెడ కింద నెలవంక, వీపు పైన మూడు గ్రహాలు. సింహరాశిలో ఒకానొక రోజు కనబడిన ఆకాశస్థితి ఇది. క్రీ.పూ. 62 జూలై నాటిదని పలువురు పండితులు లెక్కగట్టారు, వేరే సంవత్సరాలు సూచించినవారూ ఉన్నారు. తన అధికారానికి ఆకాశమే సాక్షి అని రాజు చాటుకున్నాడనుకోవచ్చు.

నమ్రూద్ పేరు ఎందుకు?

ఆంటియోకస్ వంశం కట్టిన రాజ్యాన్ని క్రీ.శ. 72లో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ తన సామ్రాజ్యంలో కలిపేసుకున్నాడు. నెలకు రెండు పండుగలు ఎంతకాలం జరిగాయో గాని, ఉత్తర వేదికలోని ఫలకాలపై శిల్పమూ లేదు, శాసనమూ లేదు. కట్టడం పూర్తి కాకముందే పని ఆగిపోయిందని పరిశోధకుల అభిప్రాయం. ఆ తర్వాత గ్రీకు శాసనాన్ని చదవగలవారు ఆ కొండల్లో లేకపోయారు. రాజు పేరు మాసిపోయింది.

హిజ్రీ 18, 19 సంవత్సరాల ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఇయాజ్ బిన్ గన్మ్ (రజి) సేన జజీరా ప్రాంతానికి వచ్చింది. రుహా, హర్రాన్ పట్టణాలతో పాటు సుమైసాత్ కూడా ఇస్లామీయ పాలనలోకి వచ్చింది. ఆ సుమైసాత్ మరేదో కాదు, ఆంటియోకస్ రాజధాని సమోసాటాయే. రుహా నేటి ఉర్ఫా నగరం. హజ్రత్ ఇబ్రాహీమ్ (అ)ను నమ్రూద్ అగ్నిలో వేయించినది అక్కడేనని, మంట నీరై, కట్టెలు చేపలయ్యాయని స్థానికులు చెప్పుకుంటారు. ఆ కథను గుర్తుచేసే చేపల కొలను నేటికీ ఉర్ఫా నడిబొడ్డున ఉంది. దివ్యఖుర్ఆన్ అగ్ని చల్లబడిన వైనాన్ని తెలిపింది గాని ఆ చోటు పేరు చెప్పలేదు, రాజు పేరు కూడా చెప్పలేదు. నమ్రూద్ అనే పేరు వ్యాఖ్యానాల ద్వారా, పూర్వగాథల ద్వారా మనకు చేరింది. చేపల సంగతి కేవలం స్థానిక జనశ్రుతి.

ఆ జనశ్రుతి బలంగా ఉన్న నేలలో, ఎవరు కట్టారో తెలియని పెద్ద శిథిలం కనబడితే ప్రజలు దాన్ని నమ్రూద్‌కు అంటగట్టడం సహజం. ఇరాక్‌లో అస్సీరియా రాజుల నగరానికి అదే పేరు వచ్చింది. తుర్కియేలోనే వాన్ సరస్సు పక్కనున్న అగ్నిపర్వతాన్నీ నెమ్రుత్ అనే అంటారు. చరిత్ర తెలిసినవారు దీన్ని పొరపాటు అంటారు. మాకు మాత్రం పామర జనం చేసిన ఈ పొరపాటులో ఒక న్యాయం కనబడుతోంది.

ఇబ్రాహీమ్ (అ)తో వాదించిన రాజు కథను పాఠకులు అల్ బఖరా సూరాలో చదివే ఉంటారు. జీవన్మరణాలు నా చేతిలో ఉన్నాయని ఆ రాజు విర్రవీగాడు. అల్లాహ్ సూర్యుణ్ణి తూర్పు నుండి తెస్తున్నాడు, నీవు పడమర నుండి తెచ్చి చూపు అని ఇబ్రాహీమ్ (అ) అడిగేసరికి అతని నోట మాట రాలేదు. ఇప్పుడు ఈ కొండను చూడండి. తూర్పున ఒక వేదిక, పడమర ఒక వేదిక. ఉదయించే సూర్యుని ఎదుట ఒక వరుస, అస్తమించే సూర్యుని ఎదుట మరొక వరుస. సూర్యదేవుడున్న వరుసలో తన ఆసనం. ఆంటియోకస్‌కు ఇబ్రాహీమ్ (అ) ముచ్చట తెలిసి ఉంటుందని మేము అనడం లేదు. కాని ఆ రాళ్ళను చూసిన గొర్రెల కాపరులకు ఏ రాజు గుర్తుకు రావాలో ఆ రాజే గుర్తుకు వచ్చాడు. తన పేరు యుగయుగాలు నిలవాలని రెండు వందల పంక్తులు చెక్కించుకున్నవాని కొండను జనం వేరొకరి పేరుతో పిలుచుకున్నారు.

నేడు యాత్రికులు అక్కడికి ప్రధానంగా రెండు వేళల్లో వెళతారు, సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి. సరిగ్గా సూర్యబింబం పొడిచే క్షణంలోనూ, అస్తమించే క్షణంలోనూ నమాజు చేయరాదని హదీసులు చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. సూర్యుణ్ణి కొలిచేవారు సజ్దా చేసే వేళలవి. ఆ నిషేధం ఎందుకో పిల్లలకు వివరించడానికి ఈ రెండు వేదికల కన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదనిపించింది.

మంచును తవ్విన హమ్దీ బే

1881లో రహదారుల సర్వే కోసం తిరుగుతున్న కార్ల్ సెస్టర్ అనే జర్మన్ ఇంజనీరు ఈ విగ్రహాల వార్తను బయటి లోకానికి అందించాడు. మరుసటి సంవత్సరం ఓటో పుక్‌స్టైన్ అనే పండితుడు అతనితో వచ్చి గ్రీకు శాసనాన్ని చదివాడు. ఆంటియోకస్ పేరు అలా తిరిగి వెలుగు చూసింది. ఈ భాగం పాశ్చాత్య గ్రంథాలన్నింటిలో ఉంటుంది. మా దృష్టిని ఆకర్షించినది ఆ తర్వాతి భాగం.

ఉస్మానియా ఖిలాఫత్ రాజధాని ఇస్తాంబుల్‌లో అప్పుడు సామ్రాజ్య ప్రదర్శనశాలకు అధిపతిగా ఉస్మాన్ హమ్దీ బే ఉన్నారు. ప్రధానమంత్రిగా పనిచేసిన ఇబ్రాహీమ్ అద్‌హమ్ పాషా కుమారుడు. పారిస్‌లో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళి చిత్రకారుడై తిరిగివచ్చిన మనిషి. 1883లో ఆయన ఉస్గాన్ ఎఫెందీ అనే ఆర్మేనియన్ శిల్పిని వెంటబెట్టుకొని ఈ కొండ ఎక్కారు. మంచు తవ్వించారు, ఫలకాలను వెలికితీయించారు, కొలతలు తీసుకున్నారు, అదే సంవత్సరం ఫ్రెంచి భాషలో గ్రంథం ప్రకటించారు. మరుసటి సంవత్సరం, 1884లో, ఆయన పూనికతో ఉస్మానియా ప్రభుత్వం కొత్త పురావస్తు చట్టం తెచ్చింది. ఉస్మానియా నేలలో దొరికిన ప్రాచీన వస్తువులు ప్రభుత్వపు సొత్తు, వాటిని దేశం దాటించరాదు అని ఆ చట్టం శాసించింది. అంతకు కొద్దికాలం ముందే పెర్గమమ్ శిల్పాలు ఓడలకెక్కి బెర్లిన్ చేరాయి. నెమ్రుత్ తలలు నేటికీ తమ కొండ మీదే ఉన్నాయి.

మా చిన్నవాడి ప్రశ్న ఇక్కడ మళ్ళీ గుర్తుకు వస్తుంది. ఒక ముస్లిం రాజ్యపు ముస్లిం అధికారి, విగ్రహాల కోసం మంచు తవ్వవలసిన పని ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు హమ్దీ బే కన్నా ఎంతో ముందే మన పండితులలో ఒకరు చెప్పారు. బాగ్దాద్‌కు చెందిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్ (1162-1231) ఈజిప్టు వెళ్ళి పిరమిడ్లను పరిశీలించి ఒక గ్రంథం రాశారు. సుల్తాన్ సలాహుద్దీన్ కుమారుడు అల్ మలికుల్ అజీజ్ 1196లో గీజాలోని మూడవ పిరమిడ్‌ను కూల్చమని మనుషులను పురమాయించాడు. ఎనిమిది నెలలు పనిచేసినా ఒక పక్కన గీత పడినట్టయిందే తప్ప పిరమిడ్ కదలలేదు, పని మానుకున్నారు. అబ్దుల్ లతీఫ్ ఆ ప్రయత్నాన్ని మెచ్చుకోలేదు. పూర్వ జాతుల కట్టడాలు చరిత్రకు ఆధారాలు, దివ్యగ్రంథాలు ప్రస్తావించిన జాతుల ఉనికికి సాక్ష్యాలు, వాటిని నిలిపి ఉంచడమే వివేకం అన్నది ఆయన అభిప్రాయ సారాంశం. భూమిపై సంచరించి, గతించిన వారి పర్యవసానాన్ని గమనించమని దివ్యఖుర్ఆన్ పదేపదే చెబుతోంది. గమనించాలంటే అక్కడ ఏదో ఒకటి మిగిలి ఉండాలి గదా!

మన ముంగిట్లోనూ ఇటువంటి ఉదంతం ఉంది. అజంతా గుహలు ఒకనాడు హైదరాబాద్ సంస్థానంలోనివి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులామ్ యజ్దానీ గారి చేతిలో పెట్టింది. రాలిపోతున్న ఆ బౌద్ధ చిత్రాలను నిలబెట్టడానికి ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. యజ్దానీ గారు ఆ చిత్రాలను సంపుటాలుగా ప్రకటించారు. అజంతాలో పనిచేసినందువల్ల వారి ఈమాన్‌కు లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. పూజించడం వేరు, కాపాడడం వేరు. విగ్రహం ముందు తల వంచడం షిర్క్. గతించిన ఒక జాతి చేతిపనిని పగలగొట్టకుండా వదలడం షిర్క్ కాదు.

ఇంకా దొరకని గది

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఈ కొండకు ఒక మహిళ వచ్చారు. అమెరికాకు చెందిన థెరీసా గోయెల్. వినికిడి కోల్పోయిన ఆమె, ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాట గ్రహించేవారు. బండి నడిచే దారి లేని రోజులలో కంచర గాడిదలపై సామాను ఎక్కించుకొని, కుర్దు పల్లెల మనుషులను కూలికి పెట్టుకొని, శిఖరంపై డేరాలు వేసుకొని 1950లలో ఏళ్ళ తరబడి తవ్వకాలు సాగించారు. ఎక్కడ తన దేహం విశ్రమించాలని ఆంటియోకస్ రాయించాడో ఆ గదిని కనిపెట్టాలన్నది ఆమె పట్టుదల. గుట్టలోకి సొరంగాలు తవ్వించారు. పై నుండి రాతి ముక్కలు జారి సొరంగాలు పూడిపోయేవి. ఎంత తవ్వితే అంత కంకర వచ్చి పడుతుంది. రాజు పన్నిన రక్షణ అదే. తర్వాతివారు భూమి లోపలి పొరలను పరీక్షించే యంత్రాలు తెచ్చారు. నేటి వరకు సమాధి గది దొరకలేదు. 1987లో యునెస్కో ఈ కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండ దిగువన చూడదగినవి మరికొన్ని ఉన్నాయి. వాటిలో రెండింటి గురించి మాత్రం చెబుతాము. జెందెరె వాగుపై రోమన్ సైనికులు క్రీ.శ. 200 ప్రాంతంలో కట్టిన వంతెన ఒకటి. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్‌కు, రాణికి, ఇద్దరు కొడుకులకు ఒక్కొక్కటి చొప్పున దానిపై నాలుగు స్తంభాలు నిలిపారు. ఇప్పుడున్నవి మూడే. తండ్రి పోయాక పెద్దకొడుకు కరకల్లా తమ్ముడు గెటాను చంపించి, అతని పేరు ఎక్కడున్నా చెరిపించాడు. తమ్ముడి స్తంభమూ అలాగే పోయింది.

రెండవది కరకుష్ గుట్ట. అది కొమ్మగేనే రాజవంశపు స్త్రీల సమాధి. ఆంటియోకస్ కుమారుడు మిత్రిదాతీస్ తన తల్లి ఇసియాస్ కోసం, సోదరి కోసం, మేనకోడలి కోసం కట్టించాడు. తండ్రి కొండ మీద ఉన్నంత ఆర్భాటం అక్కడ లేదు. స్తంభాలు, వాటిపై గద్ద వంటి శిల్పాలు, అంతే. అయినా అక్కడి శాసనంలో కొడుకు ప్రేమ కనబడుతుంది.

నీట మునిగిన రాజధాని, కూలిన నగరం

వారసత్వం అంటే కొండ మీది రాళ్ళే కావు. ఆంటియోకస్ రాజధాని సమోసాటా, మన చరిత్రలోని సుమైసాత్, నేడు నీటి అడుగున ఉంది. ఫురాత్ నదిపై కట్టిన అతాతుర్క్ ఆనకట్ట నిండుతుండగా 1989 ప్రాంతంలో పాత సంసాత్ పట్టణం మునిగిపోయింది. తుర్కియే పురావస్తు పండితురాలు నిమెత్ ఒజ్గుచ్ మునిగేలోపు చేతనైనంత తవ్వి, దొరికినదాన్ని పదిలపరిచారు. గ్రీకుల కాలం, రోమన్ల కాలం, అబ్బాసీల కాలం, సల్జూకుల కాలం అన్నీ ఒకే దిబ్బలో పొరలు పొరలుగా ఉండేవి. పట్టణవాసులకు పైన కొత్త సంసాత్ కట్టి ఇచ్చారు. పొలాలకు నీరు వచ్చింది, దీపాలు వెలిగాయి. తాతల సమాధులున్న నేల పోయింది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్ళు వదిలివచ్చిన కుటుంబాలకు ఈ బాధను విడమరచి చెప్పనక్కరలేదు.

అదే సంసాత్ ప్రాంతంలో హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) సమాధి ఉందని అక్కడి ముస్లింలు గౌరవిస్తారు. దండు వెనుక ఒంటరిగా మిగిలిపోయిన విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)ను తన ఒంటెపై కూర్చోబెట్టి, తాను ముకుతాడు పట్టుకొని నడిచివచ్చిన సహాబీ ఆయనే. ఒక కొండ మీద తనను తాను దైవం చేసుకున్న రాజు, అతని రాజధాని సమీపాన ఒంటెను నడిపించిన సేవకుడు. జనం దుఆ చేసుకోవడానికి ఎవరి దగ్గరికి వెళుతున్నారో చెప్పనక్కరలేదు.

2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు ఆ నేల కంపించింది. తుర్కియేలో 53 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఒక్క ఆదియమాన్ ప్రాంతంలోనే 8 వేలకు పైగా. నగరంలోని పెద్ద మసీదు కూలింది. నడివీధి గడియార స్తంభంలో ముళ్ళు 4:17 దగ్గర ఆగిపోయాయి. ఇసియాస్ రాణి పేరే గల ఒక హోటల్ క్షణాల్లో నేలమట్టమై 72 మందిని బలిగొన్నది. వారిలో ఆటల పోటీకి సైప్రస్ నుండి వచ్చిన బడిపిల్లల వాలీబాల్ జట్టు ఉంది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

కొండ మీది విగ్రహాలకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని ఆ తర్వాత పరిశీలించినవారు తెలిపారు. ఆ వార్త చదివినప్పుడు మాకు సంతోషించాలో నొచ్చుకోవాలో తెలియలేదు. రెండు వేల ఏళ్ళనాటి రాళ్ళు నిలిచాయి, నిన్న మొన్న కట్టిన ఇళ్ళు పిల్లల మీద పడ్డాయి. రాళ్ళ తప్పేమీ లేదు. ఇసుకలో, సిమెంటులో, ఇనుములో మిగుల్చుకున్నవారి సంగతి న్యాయస్థానాల వరకు వెళ్ళింది. కాని ఆదియమాన్ కుటుంబాలకు కొండ ఇప్పుడు వట్టి చరిత్ర కాదు, జీవనాధారం. కాహ్తా పట్టణంలో బండ్లు నడిపేవారు, గదులు అద్దెకిచ్చేవారు, చాయ్ అమ్మేవారు, దారి చూపేవారు అందరూ ఆ తలలను చూడవచ్చే యాత్రికుల మీద ఆధారపడినవారే.

శీతకాలంలో మంచు కమ్మి దారి మూసుకుపోతుంది. వసంతం చివరి నుండి శరదృతువు వరకు వెళ్ళవచ్చు. సూర్యోదయం చూడదలచినవారు నడిరేయి దాటగానే కాహ్తా నుండి బయలుదేరుతారు. బండి ఆగిన చోటు నుండి చివరి ఎక్కుడు కాలినడకనే. వేసవిలోనూ పైన చలి వణికిస్తుంది గనుక ఉన్ని దుస్తులు తప్పనిసరి. ఫజ్ర్ వేళ దారిలోనే వస్తుంది. నమాజు ముగించుకొని పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతూ ఉంటుంది.

ఇవన్నీ మా చిన్నవాడికి రెండు మూడు రాత్రులు కథగా చెప్పాము. వాడు శ్రద్ధగా విని, "మరి ఆ రాజు ఇప్పుడు ఎక్కడున్నాడు?" అన్నాడు. గుట్ట కిందే ఉండవచ్చు, ఇంకా ఎవరికీ దొరకలేదు అన్నాము. వాడు వెళ్ళి క్యాలెండరులో ఆ పుటను మళ్ళీ తెరిచాడు. దాదీమా కాసేపు చూశారు. "ఉంచితే ఉంచండి. నమాజు చేసుకునే గదిలో మాత్రం వద్దు, తీసి వరండాలో వేలాడదీయండి" అన్నారు. ఇప్పుడు అది వరండాలో ఉంది.